పాత సివిక్ కొన్నా, సీడియా కొన్నా లిఫ్టు ఎక్కించకుండా బయానా ఇవ్వకండి

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ చుట్టుపక్కల వీధులు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఇళ్ల ముందు పెట్టిన కార్లు సీట్ల దాకా మునిగాయి. ఫుల్ బీమా ఉన్నవాళ్లు క్లెయిము పెట్టుకున్నారు. పాత కార్ల సంగతి వేరు. పదేళ్లు దాటిన బండికి చాలామంది థర్డ్ పార్టీ ఒక్కటే కడతారు, అందులో వరద నష్టానికి పైసా రాదు. అలాంటి బండిని కడిగించి, ఆరబెట్టించి, సీటు కవర్లు మార్పించి, మునిగిందని తెలియని ఊళ్లో అమ్మేయడం తేలిక. క్లెయిమే పెట్టలేదు కాబట్టి రికార్డులో ఏమీ ఉండదు. "క్లెయిమ్ హిస్టరీ క్లీన్ సార్" అని బ్రోకరు చెప్పేది అబద్ధం కాకపోవచ్చు. అయినా ఆ మాట మీద ఒక్క రూపాయి కూడా పెట్టకండి.

విశాఖలో డ్రైవింగ్ సరదా కోసం పాత జపాన్ సెడాన్ వెతికేవాళ్ల చర్చ చివరికి రెండు బండ్ల దగ్గరికి వస్తుంది: 2006లో వచ్చిన హోండా సివిక్ 1.8, అదే ఏడాది వచ్చిన మిత్సుబిషి సీడియా 2.0. ఏది కొనాలన్న వాదన గంటల తరబడి నడుస్తుంది. కొంపలు ముంచే తప్పు మాత్రం ఎప్పుడూ ఒకటే. సాయంత్రం పూట వెళ్తారు. బీచ్ రోడ్డులో ఒక రౌండు వేస్తారు. మూడో గేరులో లాగుడు చూసి మనసు పారేసుకుంటారు. "ఇంకో పార్టీ రేపు వస్తున్నాడు" అనగానే ఇరవై వేలు ఫోన్‌పే కొట్టేస్తారు. మెకానిక్‌ని పిలిచేది ఆ తర్వాత. బయానా ఇచ్చినవాడికి మెకానిక్ చెప్పే మాట చెవికెక్కదు. "చిన్న తుప్పేలే, చేయించుకుందాం" అని తనకు తనే సర్ది చెప్పుకుంటాడు. చెవికెక్కినా, ఆ ఇరవై వేలు వెనక్కి రావు.

లిఫ్టు ముందు, బయానా తర్వాత. లిఫ్టంటే షెడ్డులో బండిని పైకెత్తి కింద భాగం చూపించేది. గాజువాక ఆటోనగర్‌లోనో, మీకు తెలిసిన షెడ్డులోనో ముందే మాట్లాడి పెట్టుకోండి. అమ్మేవాడు అక్కడికి తీసుకురానంటే బేరం అక్కడితో అయిపోయినట్టే.

రెండిటికీ తేడా ఎక్కడ

కాగితం మీద సివిక్ ముందుంది. 132 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత), రబ్బరు బెల్టు బదులు ఇనుప టైమింగ్ చెయిన్, పైకి లాగేకొద్దీ ఊపిరి పోసుకునే ఇంజన్. సీడియాది 115 పీఎస్. టార్క్, అంటే ఇంజన్ తిప్పే బలం, మాత్రం దాదాపు సమానం: సివిక్ 172 న్యూటన్ మీటర్లు, సీడియా 175. సీడియా స్టీరింగ్ హైడ్రాలిక్ (ఆయిల్ ఒత్తిడితో పనిచేసేది), రోడ్డు చేతికి తెలుస్తుంది. మన ర్యాలీల్లో ఆ బండి అన్నేళ్లు నడిచింది ఊరికే కాదు. సివిక్‌కు ఉన్న పెద్ద లోపం ఎత్తు. నలుగురు ఎక్కితే స్పీడు బ్రేకరు మీద పొట్ట గీరుకుంటుంది.

మా అభిప్రాయం: ఇంట్లో అదొక్కటే కారైతే, రోజూ ఆఫీసుకు అదే వెళ్లాలంటే సివిక్ మాన్యువల్ తీసుకోండి. ఇంకో బండి ఉండి, కప్పు ఉన్న పార్కింగ్ ఉండి, పార్టు కోసం నెల రోజులు ఆగే ఓపిక ఉంటేనే సీడియా. చెన్నై దగ్గర తిరువళ్లూరులో హిందుస్థాన్ మోటార్స్ దాన్ని తయారు చేయడం మానేసి చాలా ఏళ్లయింది. హెడ్‌లైటు, బంపరు, ముందు అద్దం, డోరు రబ్బర్లు దొరుకుతాయో లేదో కొనకముందే ఫోన్లు చేసి కనుక్కోండి. ఇంజన్ పార్టులు ఎలాగోలా తెప్పించుకోవచ్చు, బాడీ పార్టుల దగ్గరే బండి మూలపడుతుంది.

సముద్రం గాలి తినేది కింద నుంచే

పెదవాల్తేరు, ఎంవీపీ కాలనీ, భీమిలి రోడ్డు వైపు ఆరుబయట ఏళ్ల తరబడి నిలబడిన బండికి పైన పాలిష్ మెరుస్తూనే ఉంటుంది. తుప్పు కింద ఉంటుంది. లిఫ్టు మీద ఇవి చూడాలి: డోర్ల కింద జాకీ పెట్టే అంచు, వెనక చక్రాల మడ్‌గార్డు లోపలి మడత, పెట్రోలు ట్యాంకును పట్టుకునే పట్టీలు, బ్రేకు పైపులు, సస్పెన్షన్ ఆర్ములు బాడీకి బిగించిన చోట్లు. స్క్రూడ్రైవరు పిడితో తట్టుకుంటూ వెళ్లండి. గట్టి రేకు టంగుమంటుంది. తిన్న రేకు దబ్బుమంటుంది, పెచ్చు రాలుతుంది. పైపైన ఎర్రగా ఉన్న బోల్టులు చూసి భయపడక్కర్లేదు. రేకు పొరలు పొరలుగా లేస్తుంటే, సస్పెన్షన్ బిగించిన చోట చిల్లు ఉంటే ఆ బండి వదిలేయండి, ఎంత తగ్గించినా సరే. అక్కడ వెల్డింగు పెట్టిన బండి గుంతలో పడ్డప్పుడు చక్రం ఎటు తిరుగుతుందో చెప్పలేం.

కింద మొత్తం నల్లటి కోటింగు కొత్తగా కొట్టి ఉందా? అనుమానించండి. అమ్మే ముందు వారం ఎవరూ బండి మీద ప్రేమతో కోటింగు కొట్టించరు. ఒక మూల గీకి చూడనివ్వమనండి.

టాపు కూడా చూడండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కొట్టినప్పుడు ఊరంతా చెట్లు కూలాయి. అప్పటికే ఊళ్లో ఉన్న ఏపీ 31 (విశాఖ రిజిస్ట్రేషన్) బండి అయితే టాపు మీద, పిల్లర్ల మీద గుడ్డ చుట్టిన అయస్కాంతం నడిపించండి. పుట్టీ మందంగా ఉన్నచోట అది అంటుకోదు.

మునిగిన బండి ఆనవాళ్లు

సీటు బెల్టును చివరిదాకా, పూర్తిగా బయటికి లాగండి. రోజూ బయటికొచ్చే భాగాన్ని కడుగుతారు. రీలులో చుట్టుకుని ఉండే ఆఖరి జానెడును ఎవరూ కడగరు, బురద గీత అక్కడ ఉండిపోతుంది. తర్వాత సీటు పట్టాల బోల్టులు, డిక్కీలో స్టెప్నీ గుంట, డ్యాష్‌బోర్డు కింద ఫ్యూజు బాక్సు. ఫ్యూజు కాళ్లకు పచ్చగా చిలుము పట్టి ఉంటే ఇంకేమీ చూడక్కర్లేదు. ఏసీ వేసినప్పుడు గట్టిగా కొట్టిన సెంటు వాసన వస్తే కార్పెట్ అంచు ఎత్తి, కింద స్పాంజి పిండి చూడండి.

సివిక్‌లో

కూలెంటు ముఖ్యం. అమెరికాలో 2006–08 సివిక్‌ల ఇంజన్ బ్లాకు పగుళ్లిచ్చి కూలెంటు కారిందని హోండాయే వారంటీ పొడిగించింది. ఇక్కడి బండిలోనూ బ్లాకు చుట్టూ టార్చి వేసి, కారి ఎండిన మరకలున్నాయేమో వెతకండి. ఏసీ వేసి నిలబెట్టినప్పుడు స్టీరింగు, సీటు అదురుతుంటే ఇంజన్ మౌంటింగులు పోయినట్టు. ఆటోమేటిక్ అయితే బ్రేకు నొక్కి డి (ముందుకు) నుంచి ఆర్‌కు (వెనక్కి) మార్చండి. దెబ్బ కొట్టినట్టు పడితే వద్దు.

ఇక ప్రాణానికి సంబంధించింది. తకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగుల్లో లోపం ఉందని వాటిని మార్చేందుకు బండ్లను వెనక్కి పిలిచిన రీకాల్‌లో సివిక్ ఉంది. బ్యాగును ఉబ్బించే ఇన్‌ఫ్లేటరు డబ్బాలో ఉండే అమ్మోనియం నైట్రేటు ఏళ్ల తరబడి వేడికీ తేమకీ పాడై, బ్యాగు తెరుచుకున్నప్పుడు డబ్బా పేలి ఇనుప ముక్కలు మొహం మీదికి రావచ్చు. విశాఖలో ఉండేదే వేడీ తేమా. చాసిస్ నంబరు హోండా సైట్‌లో కొట్టి చూడండి, మార్చకపోతే డీలరు ఉచితంగా మారుస్తాడు. మార్చేదాకా ఆ బ్యాగు ఎదురుగా ఉండే సీట్లో ఎవర్నీ కూర్చోబెట్టకండి.

సీడియాలో

టైమింగ్ బెల్టు ముఖ్యం, ఇంజన్ వాల్వులను సమయానికి కదిలించే రబ్బరు పట్టీ అది. బిల్లు చూపించలేకపోతే మార్చలేదనే లెక్క. కిలోమీటర్లు తక్కువ తిరిగిందన్న మాట పనికిరాదు, రబ్బరు వయసుకీ పోతుంది. బెల్టు తెగితే వాల్వులు వంగుతాయి, ఆ ఖర్చుతో బండి విలువ సగం పోతుంది. బెల్టు, టెన్షనరు, వాటర్ పంపు, ఆయిల్ సీళ్లు ఒకేసారి మార్పించండి. స్టీరింగ్ పంపు గొట్టాలు తడిగా ఉన్నాయేమో చూడండి. ర్యాలీకి వాడిన బండి కావచ్చు: పిల్లర్ల మొదట్లో రోల్‌కేజి (బోల్తా పడితే కాపాడే ఇనుప పంజరం) కోసం కొట్టిన రంధ్రాలు పూడ్చిన గుర్తులు, షాకబ్జర్ టవరు చుట్టూ పగుళ్లు వెతకండి.

ఇక రెండు బండ్లకూ వర్తించేవి:

- ఉదయం వెళ్లండి. స్టార్ట్ చేసి ఉంచొద్దని ముందే చెప్పండి. బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే తిరిగొచ్చేయండి. వేడి ఇంజన్ పొగ దాచేస్తుంది.
- ఆయిల్ మూత లోపల పాల టీ రంగు నురగ ఉంటే వద్దు.
- కైలాసగిరి ఘాట్ ఎక్కించండి. రెండో గేరు, ఏసీ ఆన్. టెంపరేచర్ ముల్లు కదలకూడదు. దిగేటప్పుడు యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తొక్కితే వెనక నీలం పొగ రాకూడదు.
- దిగాక పది నిమిషాలు ఇంజన్ ఆపకుండా నిలబెట్టండి. రేడియేటర్ ఫ్యాను తిరగాలి, ఆగాలి, మళ్లీ తిరగాలి.
- కీ ఆన్ చేస్తే ఎయిర్‌బ్యాగు దీపం వెలిగి ఆరాలి. అసలు వెలగకపోతే బల్బు తీసేసినట్టు.
- టైరు మీద నాలుగంకెలు చదవండి. 2319 అంటే 2019లో 23వ వారం. ఆరేళ్లు దాటితే టైర్ల ఖర్చు ధరలోంచి కొట్టేయండి.
- స్ప్రింగులు కోసిన బండి వద్దు.
- బంపరు లోపలికి దించిన ఎయిర్ ఫిల్టరు వద్దు. వానాకాలం జ్ఞానాపురం నీళ్లలో అది గాలికి బదులు నీళ్లు తాగుతుంది, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ఏ బండైనా నీళ్లలో ఆగితే సెల్ఫ్ కొట్టకండి. తోయించండి.
- ఆర్‌సీ తేదీ చూడండి. 15 ఏళ్లు నిండితే ఫిట్‌నెస్‌తో రెన్యువల్ కావాలి. "మీరే చేయించుకోండి" అంటే వద్దు. తుప్పు బండి అక్కడే ఆగిపోతుంది.
- చాసిస్ నంబరు బండి మీద చూసి ఆర్‌సీతో పోల్చండి, ఫోటోలో కాదు.
- ఫైనాన్స్ ఉంటే అప్పు తీరిందని చూపే ఫారం 35, వేరే రాష్ట్రం బండైతే అక్కడి ఆర్టీవో ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కావాలి. చలాన్లు వాళ్లే కట్టాలి.
- ఖాళీ 29, 30 ఫారాల (పేరు మార్పిడి కాగితాల) మీద పాత ఓనరు సంతకాలతో తిరిగే బండి వద్దు. ఓనరు ఎదురుగా ఉండాలి.
- బీమా మీ పేరుకు మార్చమని 14 రోజుల్లోపు అడగండి.
- ఉన్న డబ్బంతా ధరకే పెట్టకండి. రిపేర్లకు పావు వంతు పక్కన ఉంచండి.
- రాత్రి, వానలో, వాటర్ వాష్ చేసిన వెంటనే బండి చూడకండి.
- తుఫాను దాటిన నెలా రెండు నెలల్లో అకస్మాత్తుగా అమ్మకానికొచ్చిన బండయితే కార్పెట్ ఎత్తకుండా ధర కూడా అడగకండి.
- "టోకెన్ పెట్టండి, నచ్చకపోతే ఇచ్చేస్తా" అన్నా వద్దు. లిఫ్టు ఎక్కించకుండా బయానా ఇవ్వకండి. వెయ్యి రూపాయలైనా ఇవ్వకండి.
- కొన్న రోజే ఇంజన్ ఆయిలు, కూలెంటు, బ్రేకు ఆయిలు మార్పించండి. బ్రేకు ఆయిలు మారేదాకా అరకు ఘాట్ వైపు తిప్పకండి.