షాట్‌గన్ సర్టిఫికెట్ రెన్యూవల్: డాక్టర్ రిపోర్టుకు ముందు జాగ్రత్తలు

ఇంగ్లండ్‌లో షాట్‌గన్ సర్టిఫికెట్ (షాట్‌గన్ తుపాకీ ఉంచుకోవడానికి పోలీసులు ఇచ్చే అనుమతి) 5 ఏళ్లు చెల్లుతుంది. 2021 నవంబరు నుంచి డాక్టర్ ఇచ్చిన వైద్య వివరాలు చూడకుండా పోలీసులు రెన్యూవల్ చేయరు. ఈ కాగితం దగ్గరే చాలామంది ఆగిపోతున్నారు.

☐ ముందుగా మీ జీపీ (ఫ్యామిలీ డాక్టర్) క్లినిక్‌కి ఫోన్ చేసి, ఈ వైద్య వివరాల ఫారం నింపుతారా, ఫీజు ఎంత, ఎన్నాళ్లు పడుతుంది అని అడగండి. వాళ్లు నింపి తీరాలన్న రూలేమీ లేదు, ఫీజు మనదే. వాళ్లు కాదంటే, జీఎంసీలో (బ్రిటన్‌లో డాక్టర్లను నమోదు చేసే సంస్థ) నమోదైన వేరే డాక్టరైనా చేయవచ్చు. ఆయనకు మీ మెడికల్ రికార్డు మాత్రం అందాలి.

☐ పేరు సరిచూసుకోండి. నా పాత సర్టిఫికెట్‌లో ఇంటిపేరు చివర ఉంది, క్లినిక్ రికార్డులో మొదట ఉంది. ఆ ఒక్క తేడాకి ఫారం వెనక్కి వచ్చింది, మూడు వారాలు టెన్షన్.

☐ డిప్రెషన్, ఆందోళన, మూర్ఛ, మద్యం సమస్య ఏదున్నా దాచకండి. చికిత్స తీసుకున్నంత మాత్రాన సర్టిఫికెట్ పోదు. తెలిసి అబద్ధం రాస్తే మాత్రం నేరం. తుపాకీ పోతుందన్న భయంతో డాక్టర్ దగ్గరికే వెళ్లడం మానేసేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. దయచేసి అలా చేయకండి.

☐ రిపోర్టు మరీ ముందుగా తీసుకోవద్దు, ఆరు నెలలు దాటితే పనికిరాదు.

☐ గడువుకు కనీసం 8 వారాల ముందే దరఖాస్తు పెట్టండి. గడువు దాటాక తుపాకీ ఇంట్లో ఉంటే నేరమే. ఆలస్యమయ్యేలా ఉంటే ముందే రిజిస్టర్డ్ తుపాకీ డీలర్ దగ్గర భద్రంగా ఉంచి రసీదు తీసుకోండి.