ఇంటి వంట మన రుచికి – 4వ పాఠం: కారం తగ్గించినా కూర తేలిపోకుండా

పోయిన పాఠంలో పులుపు సంగతి చూశాం. పప్పు మెత్తబడకముందే చింతపండు పోస్తే ఎంతసేపు ఉడికించినా పలుకు మిగిలిపోతుందని, అందుకే పులుపు ఎప్పుడూ పప్పు ఉడికాకేనని చెప్పుకున్నాం. ఈసారి కారం. గుంటూరు, బెజవాడ ఇళ్ళలో అన్నిటికంటే ఎక్కువగా మార్చుకోవలసి వచ్చేది ఇదే. పిల్లలు తినలేరు, పెద్దవాళ్ళకు కడుపులో మంట, లేదా ఇంటికొచ్చిన అల్లుడిది కారం తక్కువ తినే ఊరు. అప్పుడు చాలామంది చేసేది ఒకటే: రెండు చెంచాల చోట ఒక చెంచా వేస్తారు. కూర తేలిపోతుంది. ఎందుకు తేలిపోయిందో అర్థం కాక ఉప్పు పెంచుతారు, దాంతో ఇంకా చెడుతుంది.

మిరపకాయ ఇచ్చేది మంట ఒక్కటే కాదు. రంగు ఇస్తుంది. వేగినప్పుడు వచ్చే కమ్మటి ఘాటు ఇస్తుంది. పచ్చళ్ళలో, వేపుళ్ళలో నీరు పీల్చుకుని చిక్కదనం ఇస్తుంది. పైగా పులుపును అదుపులో పెడుతుంది. చెంచా తగ్గిస్తే ఈ పనులన్నీ ఒకేసారి తగ్గిపోతాయి. మనకు తగ్గవలసింది మంట ఒక్కటే కాబట్టి, మిగతా పనులు ఎవరు చేయాలో ముందే చూసుకోవాలి.

కాయ రకం

మిర్చి యార్డులో రకాలు చాలా ఉన్నా వంటింటికి మూడు తెలిస్తే చాలు. మొదటిది గుంటూరు సన్నం. భౌగోళిక గుర్తింపు ఉన్న రకం. మన ఇళ్ళలో పాత కొలతలన్నీ దీన్నిబట్టి పుట్టినవే. రెండోది తేజ. కాయ చిన్నది, మంట సన్నానికి ఇంచుమించు రెట్టింపు దాకా ఉంటుంది. మూడోది బ్యాడిగి, కర్ణాటక కాయ. ఒళ్ళంతా ముడతలు, ముదురు ఎరుపు, మంట సన్నంలో సుమారు మూడో వంతు.

ఇక లెక్క. సన్నం సగం, బ్యాడిగి సగం కలిపితే మొత్తం బరువు తగ్గకుండా మంట మూడో వంతు తగ్గుతుంది. సన్నం ఒక పాలు, బ్యాడిగి మూడు పాళ్ళు వేస్తే మంట సగానికి వస్తుంది. అంతకు మించి బ్యాడిగి వేయకండి. దానికి కొంచెం తీపి పోకడ ఉంది, అది పైకి వచ్చిందంటే గోంగూర గోంగూరలా ఉండదు. ఇంట్లో తేజ మాత్రమే ఉంటే, సన్నం 15 గ్రాములు వేయవలసిన చోట 8 లేదా 9 గ్రాములు వేసి, తగ్గిన చిక్కదనానికి చెంచాన్నర వేయించిన నువ్వులు కలపండి.

గ్రాముల్లో తూచే కాటా ఇంట్లో లేకపోయినా ఇబ్బంది లేదు. కిరాణా కొట్లో 50 గ్రాములు తూయించి తెచ్చుకుని కాయలు లెక్కపెట్టండి. 50ని ఆ సంఖ్యతో భాగిస్తే ఒక్కో కాయ బరువు వస్తుంది. ఆ అంకె డబ్బా మీద రాసుకోండి. కొత్త సరుకు తెచ్చినప్పుడల్లా మళ్ళీ లెక్కపెట్టాల్సిందే. ‘పది కాయలు’ అనే కొలత పక్కింటికి వెళ్ళేసరికి పనికిరాకుండా పోయేది ఇందుకే.

గింజలు దులిపేస్తే మంట తగ్గుతుందనేది సగమే నిజం. మంట పుట్టేది గింజలో కాదు, గింజలు అంటుకుని ఉండే లోపలి లేత ఈనెలో. గింజకు అంటిన మంట దాని నుంచి వచ్చిందే. కాయ చీల్చి ఆ ఈనె కూడా గీకేస్తేనే ఫలితం. అయితే గింజలు పోతే బరువూ బాగా పోతుంది, కాబట్టి దులిపాక మళ్ళీ తూచండి. పచ్చిమిర్చి సంగతీ ఇంతే: కొన దగ్గర మంట తక్కువ, తొడిమ వైపు ఎక్కువ. కొన కొరికి చూసి ‘ఇది చప్పిడి కాయ’ అనుకుంటే మోసపోతారు. తొడిమ వైపు కోసిన ముక్కను నాలుకకు తాకించి చూడండి.

గోంగూర పచ్చడి మీద చేసి చూద్దాం

కారం తగ్గిస్తే ఏమేం కదులుతాయో ఇంతబాగా చూపించే వంట ఇంకోటి లేదు. ముందు మామూలు కొలత. ఒలిచిన ఎర్ర గోంగూర ఆకు 250 గ్రాములు, సన్నం ఎండుమిర్చి 15 గ్రాములు, ధనియాలు పెద్ద చెంచా, జీలకర్ర చెంచా, మెంతులు పావు చెంచా, వెల్లుల్లి 8 రెబ్బలు, ఉప్పు ఒకటిన్నర చెంచా, నూనె నాలుగు పెద్ద చెంచాలు. (ఈ పాఠాల్లో చెంచా అంటే 5 మి.లీ., పెద్ద చెంచా అంటే 15 మి.లీ. అని గుర్తే కదా.)

ఆకు కడిగి గుడ్డ మీద పూర్తిగా ఆరబెట్టండి. రెండు పెద్ద చెంచాల నూనెలో మెంతులు, ధనియాలు, మిర్చి, చివర జీలకర్ర వరసగా సన్న సెగ మీద వేయించి తీసేయండి. అదే బాణలిలో మిగతా నూనె పోసి ఆకు మగ్గించండి. ఆకు రంగు నిమిషంలోనే మారిపోతుంది, దాన్ని చూసి దించవద్దు. గరిటెతో నొక్కితే నీరు ఊరకూడదు, అంచుల్లో నూనె కనబడాలి. దానికి 8 నుంచి 10 నిమిషాలు పడుతుంది. మిర్చి, ఉప్పు, వెల్లుల్లి ముందు దంచి, ఆకు చివర్లో వేసి నాలుగు పోట్లు పొడిస్తే చాలు.

ఇప్పుడు మిర్చి 15 నుంచి 7 గ్రాములకు తగ్గించి, మిగతావేవీ మార్చకుండా చేశారనుకోండి. పులుపు ఎగదన్నుతుంది. ఆకు అంతే ఉన్నా దాన్ని పట్టి ఉంచే కారం లేదు. పచ్చడి జారుగా వస్తుంది. ఉప్పు కూడా ఎక్కువైనట్టు అనిపిస్తుంది. వీటిని ఒక్కొక్కటిగా సరిదిద్దాలి.

పులుపుకు మందు ఆకులోనే ఉంది. ఎర్ర కాడ గోంగూర కంటే తెల్ల గోంగూర పులుపు తక్కువ. 250 గ్రాములూ ఎర్రది కాకుండా 150 ఎర్రది, 100 తెల్లది తీసుకోండి. తెల్లది దొరక్కపోతే సన్నగా తరిగిన ఉల్లిపాయ ఒకటి వేయించి దంచి కలపండి. బెల్లం వేయడం కొందరికి అలవాటు. మా లెక్కలో అది ఆఖరి దారి, అదీ పావు చెంచా మించకుండా. గోంగూరలో తీపి తెలిసిందంటే పచ్చడి పోయినట్టే.

చిక్కదనానికి నువ్వులు పెద్ద చెంచా, లేదా పొట్టు తీసిన పల్లీలు పెద్ద చెంచా. రెండూ కలిపి వేయకండి, పచ్చడి పొడికూరలా అవుతుంది. నువ్వులు పొడిగా వేయించి, మిర్చితో పాటే దంచాలి. తర్వాత కలిపితే నోటికి పలుకుగా తగులుతాయి. ఉప్పు ముందు చెంచా పావు వేసి, పచ్చడి చల్లారాక రుచి చూసి మిగతా పావు సంగతి తేల్చుకోండి. వేడి మీద రుచి చూసి తీర్పు చెప్పకండి.

రంగు కూడా కావాలంటే 7 గ్రాములు సన్నం వేసే బదులు 4 సన్నం, 11 బ్యాడిగి తీసుకోండి. అప్పుడు నువ్వులు అక్కర్లేదు, కాయ బరువే చిక్కదనం ఇస్తుంది. రెండు రకాలూ కలిపి మాత్రం వేయించవద్దు. తోలు పలచగా ఉన్న కాయ ముందే నల్లబడుతుంది. నల్లబడిన నాలుగు కాయలు చాలు, పచ్చడంతా చేదెక్కడానికి. విడివిడిగా, కాయ ఉబ్బి రంగు ఒక్క వన్నె ముదరగానే తీసేయాలి.

కారప్పొడితో

ఇంటి కొలత ఎవరి దగ్గరన్నా రాసుకుంటుంటే ముందు అడగవలసింది ‘ఒట్టి కారమా, కూర కారమా?’ అని. మన వైపు చాలా ఇళ్ళలో రెండు డబ్బాలుంటాయి. ఒట్టి కారం మిరపకాయలది మాత్రమే, ఊరగాయలకు అది. కూర కారంలో ధనియాలు, జీలకర్ర, మెంతులు, వెల్లుల్లి, చాలాసార్లు ఉప్పు కూడా కలిపి దంచుతారు. కూర కారం పెద్ద చెంచా రాసిన చోట ఒట్టి కారం పెద్ద చెంచా వేస్తే నోరు కాలిపోతుంది. దాని బదులు ఒట్టి కారం రెండు చెంచాలు, ధనియాల పొడి అర చెంచా, నలిపిన వెల్లుల్లి రెండు రెబ్బలు, జీలకర్ర పొడి చిటికెడు వేసుకోండి.

కొత్త డబ్బా తెరిచినప్పుడల్లా ఒక పరీక్ష పెట్టండి. అర కప్పు అన్నంలో చెంచా నూనె, చిటికెడు ఉప్పు, పావు చెంచా కారం కలిపి ఒక ముద్ద తినండి. పూర్తిగా ఒక నిమిషం ఆగండి. మంట వెంటనే తెలియదు, ఎక్కుతూ ఉంటుంది. తర్వాత పెరుగు రెండు చెంచాలు తినండి. మంట నీళ్ళల్లో కరగదు, పాలలో పెరుగులో తగ్గుతుంది. నోరు సర్దుకున్నాక పాత కారంతో అదే చేయండి. పాతది పావు చెంచా ఇచ్చిన మంటకు కొత్తది అర చెంచా కావలసి వచ్చిందంటే, ఆ డబ్బా మీద ‘రెట్టింపు’ అని రాసి పెట్టుకోండి. ఎరుపు చూసి అంచనా వేయకండి. వెలుతురుకూ పాతబడడానికీ రంగు ముందు పోతుంది, మంట ఇంకా మిగిలే ఉంటుంది. ఎండాకాలంలో పట్టించిన కారం మళ్ళీ సంక్రాంతికి పాలిపోయినట్టు కనబడినా చెంచాలు పెంచేయవద్దు.

పొడి వేసే సమయం కూడా కొలత లాంటిదే. పోపు వేగుతున్న నూనెలో కారం పడితే క్షణాల్లో మాడుతుంది: రంగు గోధుమ, రుచి చేదు, మంట మాత్రం అలాగే. పొయ్యి కట్టేసి అర నిమిషం ఆగి వేయండి. లేదా ఉల్లిపాయ తడి, టమాటా నీరు ఉన్నప్పుడు వేయండి. తక్కువ కారంతో ఎక్కువ రంగు కావాలంటే ఇదే కిటుకు. రంగు నూనెలోకే దిగుతుంది, నీళ్ళలోకి కాదు. కాబట్టి గోరువెచ్చటి నూనెలో కలిపి, తర్వాతే నీళ్ళు పోయాలి.

ఊరగాయల జోలికి

ఆవకాయలో కారం రకం మార్చండి, బరువు మార్చకండి. కిలో ముక్కలకు 250 గ్రాములు కారం వేసే ఇంట్లో 125 సన్నం, 125 బ్యాడిగి వేయవచ్చు. బరువే తగ్గిస్తే ముక్క ఊరి దిగిన నీరు పీల్చుకునేది లేక ఊట పలచనవుతుంది. ఉప్పు, నూనె మాత్రం తగ్గించవద్దు. నిలవ ఉంచేవి అవే. బీపీ ఉన్నవాళ్ళ కోసం ఉప్పు తగ్గించిన ఆవకాయ జాడీలో పెట్టుకునేది కాదు, ఫ్రిజ్‌లో పెట్టుకుని పది రోజుల్లో తినేసేది. మూడో రోజు తిరగకలిపినప్పుడు రుచి చూసి ‘ఘాటు ఎక్కువైంది’ అని కంగారుపడకండి. అందులో ఆవఘాటు కూడా ఉంది, అది వారాలు గడిచేకొద్దీ తగ్గుతుంది.

ఎక్కువైపోయాక

బంగాళాదుంప వేస్తే కారం లాగేస్తుందంటారు. లాగదు. కూర పెరుగుతుంది కాబట్టి మంట పలచబడుతుంది, అంతే. ఆ పని ఏ కూరముక్కయినా చేస్తుంది. పంచదార నాలుకను కాసేపు మభ్యపెడుతుంది. నిజంగా పనిచేసేవి రెండే: కారం లేని అదే వంట ఇంకాస్త కలపడం, కొవ్వు కలపడం. పప్పయితే విడిగా ఉడికించిన కందిపప్పు అర కప్పు, నెయ్యి. కోడికూరయితే అరకిలోకు రెండు పెద్ద చెంచాల జీడిపప్పు ముద్ద. పెరుగు వేయాలంటే పొయ్యి దించి, రెండు నిమిషాలు ఆగి, గిలక్కొట్టి పోయండి. ఉడుకుతున్న కూరలో పోస్తే విరిగిపోతుంది. పులుసులో నీళ్ళు పోసి సరిపెట్టాలనుకుంటే కారంతో పాటు పులుపు, ఉప్పు కూడా పడిపోతాయి. పోసిన ప్రతి కప్పు నీళ్ళకూ నిమ్మకాయంత చింతపండులో మూడో వంతు రసం, అర చెంచా ఉప్పు కలిపి మరోసారి మరిగించాలి.

ఈ వారం సాధన

గోంగూర 500 గ్రాములు తెచ్చి రెండు భాగాలు చేయండి. ఒకటి మామూలు కొలతతో, ఇంకోటి 4 సన్నం, 11 బ్యాడిగి కొలతతో. రెండూ చల్లారాక, వేడి అన్నంలో నూనె వేసుకుని, ఇంట్లో కనీసం ఇద్దరికి ఏది ఏదో చెప్పకుండా పెట్టండి. వాళ్ళు ‘పులుపు ఎక్కువ’ అన్నారా, ‘కారం తక్కువ’ అన్నారా, వాళ్ళ మాటల్లోనే రాసుకోండి. ‘పులుపు’ అన్నవాళ్ళకు వచ్చేసారి మిర్చి ముట్టుకోకుండా ఆకు పాళ్ళు మార్చి చేయండి. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, ఉప్పు గురించిన 5వ పాఠంలో దాంతో పని ఉంది.