భోగి పళ్లెం నుంచి వెనక్కి లెక్కేసి విత్తండి

చలికాలం మిద్దె మీద ఏం వేయాలో తేల్చుకోవడానికి విత్తనాల దుకాణం సరైన చోటు కాదు. అక్కడ అన్ని పొట్లాల మీదా బొమ్మలు బాగానే ఉంటాయి. వంటింట్లో మొదలుపెట్టండి. తెలంగాణ, రాయలసీమల్లో చాలా ఇళ్లలో భోగినాడు నువ్వులద్దిన సజ్జరొట్టె, నాలుగైదు కాయగూరలు కలిపిన కలగూర ఉంటాయి. ఆ పళ్లెంలోకి వచ్చే ఒక్కో ఆకూ, ఒక్కో దుంపా ఎన్ని రోజుల పంటో తెలిస్తే చాలు, విత్తే తేదీ దానంతటదే తేలిపోతుంది.

భోగి జనవరి 13 లేదా 14. అక్కడి నుంచి వెనక్కి రండి. మెంతికూర 25 నుంచి 30 రోజుల పంట కాబట్టి డిసెంబరు రెండో వారంలో చల్లాలి. పాలకూర మొదటి కోతకు 35 రోజులు, అంటే డిసెంబరు మొదటి వారం. ముల్లంగికీ కొత్తిమీరకూ 45 రోజులు, నవంబరు నెలాఖరు. బీట్‌రూట్‌కి 65 రోజులు, నవంబరు మొదటి వారం. టమాటా నారు కూడా అప్పుడే నాటాలి. క్యారెట్‌కి 90 రోజులు, దాన్ని అక్టోబరు పదిహేనులోపే వేసేయాలి. ఈ అన్నిటికీ ఒక వారం ముందే ఉండండి. రాత్రి చలి పెరిగేకొద్దీ మొలకా ఎదుగుదలా నెమ్మదిస్తాయి. ఆదిలాబాద్ వైపు, ఏజెన్సీ కొండల్లో అయితే పది రోజులు ముందుండాలి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో లెక్క వేరు. అక్కడ నవంబరులో ఈశాన్య రుతుపవనాల వానలు, తుపాన్లు సన్న విత్తనాలను కొట్టుకుపోయేలా చేస్తాయి. ముసురు తెరిపిచ్చాక విత్తండి, లేదా మొలకలొచ్చేదాకా ట్రేలను షెడ్డు కింద ఉంచండి.

చిక్కుడు మాత్రం ఈ లెక్కకు లొంగదు. పందిరి చిక్కుడు పగలు తగ్గితేనే పూతకొచ్చే మొక్క. ఆషాఢంలో పెట్టినా చలి మొదలయ్యేదాకా తీగ పాకుతూనే ఉంటుంది, ఆ తర్వాతే గెలలు వేస్తుంది. ఇప్పుడు తీగ లేనివాళ్లు పొద చిక్కుడు వేసుకోవచ్చు. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్క జయ్, అర్క విజయ్ రకాలకు పగటి నిడివితో పనిలేదు. 12 అంగుళాల గ్రోబ్యాగ్‌కి రెండు మొక్కలు, అలాంటి బ్యాగులు ఆరు ఉంటే నలుగురున్న ఇంటికి వారానికొక కూర వస్తుంది. అక్టోబరు చివర్లో గింజ పెడితే భోగికి కాయ కోయొచ్చు.

ఇక వేయకూడనివి. గోంగూర కూడా పగలు తగ్గితే పూసే జాతే. నవంబరులో చల్లితే జానెడు ఎదిగి మొగ్గ తొడుగుతుంది, ఆకు దక్కదు. తోటకూర చలికి ముడుచుకుపోతుంది. కాలిఫ్లవర్ పెరుగుతుంది గానీ, ఒక కుండీ మూడు నెలలు ఆక్రమించి ఒకే ఒక పువ్వు ఇస్తుంది. మధ్యలో పచ్చపురుగుతో యుద్ధం. చోటు తక్కువున్న మిద్దె మీద అది దండగ, సంతలో కొనుక్కోండి. పచ్చి బఠాణీ కూడా అంతే, పది మొక్కలకు గుప్పెడు గింజలొస్తే గొప్ప.

ఎండ ఎక్కడ పడుతుందో చూడండి

కుండీలు సర్దేటప్పుడు ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి వాలి తిరుగుతాడు. హైదరాబాద్‌లో డిసెంబరు 21 మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడి ఎత్తు 49 డిగ్రీలే. అంటే దక్షిణం వైపు మూడడుగుల పిట్టగోడ ఉంటే మధ్యాహ్నానికే రెండున్నర అడుగులకు పైగా నీడ పడుతుంది, పొద్దుటా సాయంత్రమూ ఇంకా ఎక్కువ. వేసవిలో బాగా పండిన ఆ మూల ఇప్పుడు పనికిరాదు. దుంపలనూ చిక్కుడునూ ఉత్తరం వైపు గోడకు జరపండి, వాటికి కనీసం ఆరు గంటల ఎండ కావాలి. ఆకుకూరలు నాలుగు గంటలతో సరిపెట్టుకుంటాయి.

మట్టి మిశ్రమానికి నాలుగు పాళ్లు ఎర్రమట్టి, మూడు పాళ్లు బాగా చివికిన పశువుల ఎరువు లేదా వర్మికంపోస్టు, రెండు పాళ్లు కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు), ఒక పాలు వేపపిండి. ఎరువు చేతిలోకి తీసుకుంటే పేడ వాసన రాకూడదు, పొడిపొడిగా రాలాలి. చివకని ఎరువులో తెల్లటి వేరుపురుగులు వస్తాయి. మొక్క పగలు వాడి, నీళ్లు పోసినా తేరుకోకపోతే వేళ్ల దగ్గర తవ్వి చూడండి, అవే కనబడతాయి. దుంపలు వేసే ట్రేలో ఎరువు పాళ్లు మూడు నుంచి రెండుకు తగ్గించి, మట్టిని జల్లించి రాళ్లు ఏరేయండి. ఎరువు ఎక్కువైతే ముల్లంగి ఆకు మోకాలి ఎత్తు లేచి, కింద వేలంత దుంప కూడా ఊరదు. క్యారెట్ వేరుకు రాయి తగిలితే రెండు కాళ్లుగా చీలుతుంది.

విత్తడంలో కిటుకులు

మెంతులకు విత్తనాల దుకాణం అక్కర్లేదు, పోపుల డబ్బాలోవే మొలుస్తాయి. రెండడుగుల చదరపు ట్రేకు 30 గ్రాములు. రాత్రి నానబెట్టి, పొద్దున వడగట్టి, దగ్గరదగ్గరగా చల్లి అరంగుళం మట్టి కప్పండి. నాలుగైదు రోజుల్లో మొలక వస్తుంది. పీకకుండా రెండంగుళాలు వదిలి కోస్తే రెండో కోత వస్తుంది. అది మొదటిదానికన్నా చేదుగా, పలచగా ఉంటుంది గానీ రొట్టెలోకి బాగుంటుంది.

ధనియాలు మొలవడం లేదని వచ్చే ఫిర్యాదుకు కారణం మూడువంతులు తొందరే. మనం గింజ అనుకునే ధనియం నిజానికి కాయ, లోపల రెండు విత్తనాలుంటాయి. చపాతీ కర్రతో మెల్లగా ఒత్తి రెండుగా విడగొట్టాలి, పొడి చేయకూడదు. పన్నెండు గంటలు నానబెట్టి చల్లాలి. మొలకకు ఎనిమిది నుంచి పన్నెండు రోజులు పడుతుంది, అప్పటిదాకా పైమట్టి ఆరకూడదు. తడి గోనెసంచి కప్పి, మొలక కనబడ్డ రోజే తీసేయండి. ఒకరోజు ఆలస్యమైనా మొలకలు పాలిపోయి పడిపోతాయి. కొత్తిమీరను ఒకచోట మొలిపించి మరోచోట నాటితే బెదిరి పూతకు తిరుగుతుంది, కాబట్టి పెరగాల్సిన చోటే చల్లాలి.

ముల్లంగిదీ అదే కథ, నారు పోసి నాటితే దుంప వంకర తిరుగుతుంది. పొడవు రకాలకు అడుగు లోతు మట్టి కావాలి. మూడంగుళాలకొక గింజ, అరంగుళం లోతు. నాలుగు ఆకులొచ్చాక ఒత్తుగా ఉన్నవి తీసేయండి. తీసిన లేత మొక్కలు పప్పులోకి భేషుగ్గా ఉంటాయి. నీళ్లు రెండు రోజులు మరిచి మూడో రోజు కుమ్మరిస్తే దుంప పగులుతుంది. 45 రోజులు దాటి ఉంచితే లోపల బెండు కడుతుంది. భోగికి రెండు వారాల ముందు తయారైతే పండగ కోసం ఆపకండి, పీకి వండుకోండి.

పాలకూర, బీట్‌రూట్ గింజలు కూడా గుత్తులే. ఒక్క గింజ పెట్టిన చోట రెండు మూడు మొలకలొస్తాయి. బీట్‌రూట్‌లో ఒకటే ఉంచి మిగతావి గిల్లేయకపోతే అన్నీ గోలీలంతే మిగులుతాయి.

ఇలా అన్నీ ఒకేసారి చల్లితే పండగ వారంలో పంట వరదలా వచ్చి ఆ తర్వాత ట్రేలు బోసిపోతాయి. మెంతి, కొత్తిమీర, ముల్లంగి పది రోజులకొకసారి, ట్రేలో మూడోవంతు చొప్పున వేయండి.

చలికాలపు బాధలు

నీళ్లు పొద్దున ఎండ పడ్డాక పోయాలి, అదీ వేలు అంగుళం లోతుకు గుచ్చి పొడిగా తగిలితేనే. ఈ కాలంలో మొక్క ఎండిపోవడం కన్నా కుళ్లిపోవడమే ఎక్కువ. సాయంత్రం తడి, రాత్రి చలి కలిస్తే లేతమొలకలు మొదలు దగ్గర నల్లబడి ఒరిగిపోతాయి. అది నారుకుళ్లు. పడిపోయినవి తిరిగి లేవవు, పీకేసి నీళ్లు తగ్గించండి. ఒత్తుగా చల్లడమూ దానికి కారణమే.

చిక్కుడు లేత కొనల మీద నల్లటి పేనుబంక దాదాపు ఖాయం. ముందు చీమలు కనబడతాయి, పేను కార్చే తీపి కోసం అవి దాన్ని కాపలా కాస్తాయి. మొదట్లోనే కొనలు వేళ్లతో తుడిచేయండి లేదా నీటి ధారతో కొట్టండి. మిగిలితే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు గిలకొట్టి సాయంత్రం ఆకు అడుగున పిచికారీ చేయాలి, వారం తర్వాత మరోసారి. సబ్బు లేకపోతే నూనె పైన తేలిపోయి ఆకు మాడుతుంది. ఆకు మీద బూడిద చల్లినట్టు తెల్లబడితే ఆ ఆకులు తుంచేసి, పులిసిన మజ్జిగ ఒక పాలుకు పది పాళ్ల నీళ్లు కలిపి కొట్టండి. ముదిరిన తెగులుకు మాత్రం మజ్జిగ చాలదు.

కలగూర

నలుగురికి చిక్కుడుకాయలు పావుకిలో, వంకాయలు నాలుగు, ముల్లంగి ఒకటి, క్యారెట్ ఒకటి, చిలగడదుంప ఒకటి, పచ్చి అనపగింజలు అరకప్పు. చిక్కుడు ఈనెలు రెండు వైపులా తీసి, కాయ విప్పి పురుగు చూడాలి. చిత్తూరు వైపు అనపగింజల్ని రాత్రంతా నానబెట్టి, పొట్టు పితికి పితికిపప్పు చేస్తారు. అలా పితికి వేస్తే కూర ఇంకా మెత్తగా ఉంటుంది.

పొడి ముందు చేసుకోండి. ఎండుమిర్చి ఐదు, ధనియాలు చెంచా, జీలకర్ర అరచెంచా, పల్లీలు రెండు పెద్ద చెంచాలు విడివిడిగా వేయించి, చివర్లో మూడు పెద్ద చెంచాల నువ్వులు సన్నటి సెగ మీద. చిటపటలాడగానే దించేయాలి. రంగు మారేదాకా ఉంచితే కూరంతా చేదెక్కుతుంది.

రెండు పెద్ద చెంచాల నూనెలో పోపు వేసి, ముల్లంగిని మొదట వేయించండి. ముల్లంగి ఘాటు నూనెలో మగ్గితేనే పోతుంది, నేరుగా పులుసులో వేస్తే వాసన నిలిచిపోతుంది. తర్వాత చిక్కుడు, అనపగింజలు, పసుపు, కప్పు నీళ్లు. పది నిమిషాలయ్యాక క్యారెట్, చిలగడదుంప, మరో ఐదు నిమిషాలకు వంకాయ. అన్నీ మెత్తబడ్డాకే ఉప్పు, నిమ్మకాయంత చింతపండు రసం, పొడి వేసి ఐదు నిమిషాలు ఉడికించండి. చింతపండు ముందే పడితే చిక్కుడుగింజ ఎంతసేపైనా ఉడకదు. పప్పులో మెంతికూర వేసినప్పుడూ ఇదే సూత్రం.

మెంతి సజ్జరొట్టె

సజ్జపిండిలో కొవ్వు ఎక్కువ, అందుకే పట్టించిన పదిరోజులకే కనరెక్కుతుంది. దుకాణంలో ఎప్పుడో ప్యాక్ చేసిన పిండితో రొట్టె చేదుగా వస్తే తప్పు మెంతికూరది కాదు. అరకిలో చొప్పున పట్టించుకోండి.

రెండు కప్పుల పిండి, కప్పు సన్నగా తరిగిన మెంతికూర, పచ్చిమిర్చి జీలకర్ర ముద్ద చెంచా, ఉప్పు ముప్పావు చెంచా. ముందు ఉప్పు ఆకుకు పట్టించి ఐదు నిమిషాలు వదిలితే నీరు ఊరుతుంది, దాన్ని పిండేయకుండా పిండిలోనే కలపాలి. తర్వాత మరుగుతున్న నీళ్లు ముప్పావు కప్పుతో మొదలుపెట్టి కొద్దికొద్దిగా. సజ్జల్లో గోధుమలో ఉండే జిగురు లేదు, వేడినీళ్లే పిండిని పట్టి ఉంచుతాయి. చన్నీళ్లతో కలిపితే అంచులు నెర్రెలిస్తాయి. గరిటెతో కలిపి, చెయ్యి ఓర్చుకునేంత చల్లారాక అరచేతి మడమతో ఐదు నిమిషాలు మర్దించండి. ఒక్కో ఉండ చేసేముందు మళ్లీ తడిచేత్తో మెదపాలి. తడిబట్ట మీద తట్టి, పైన నువ్వులు చల్లి అద్ది, కాలిన పెనం మీద నువ్వులు పైకి ఉండేలా వేయండి. పైభాగానికి తడిచెయ్యి రాసి, ఆ తడి ఆరాకే తిప్పాలి. ముందే తిప్పితే విరుగుతుంది.

రథసప్తమికి చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టే ఇళ్లవాళ్లు పూజకు కొన్ని ఆకులు మందు కొట్టకుండా వదిలేయండి. ఆ రోజులు దాటాక ఎండ ముదిరి కొత్తిమీర పూతకాడ వేస్తుంది. పీకేయకండి. పువ్వు రాలి పచ్చి ధనియాలు పట్టాక సగం కోసి రోటిపచ్చడిలో నూరితే ఆకుకూ ఎండు ధనియాలకూ మధ్య రుచి వస్తుంది. మిగతా సగం గోధుమరంగు తిరిగాక కోసి, నీడన ఆరబెట్టి, కాగితం పొట్లంలో తేదీ రాసి పెట్టండి, వచ్చే నవంబరు విత్తనానికి.