బిల్డర్ దగ్గర్నుంచి అపార్ట్‌మెంట్ తీసుకునే ముందు

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు కొత్త ఫ్లాట్‌లోకి దిగగానే మనవాళ్లు ముందు వాట్సాప్ గ్రూప్ పెడతారు. పెట్టండి, కానీ అందులో ఎంత అరిచినా బిల్డర్‌కి చీమ కుట్టినట్టయినా ఉండదు. రిజిస్టరైన ఓనర్ల అసోసియేషన్ ఉంటేనే మాట వింటాడు. అది ఏర్పడేలా చూడటం అతని బాధ్యతేనని 2016 నాటి రేరా చట్టంలో (ఇళ్లు కొనేవాళ్ల కోసం బిల్డర్ల మీద పెట్టిన రియల్ ఎస్టేట్ చట్టం) ఉంది, అడగండి.

ఏ చట్టం కింద రిజిస్టర్ చేయాలన్నది ముందే తేల్చుకోండి. సులువుగా అయిపోతుందని 1960 నాటి సొసైటీల చట్టం వైపు లాగేవాళ్లుంటారు. నివాస ఫ్లాట్ల కోసం పెట్టింది మాత్రం 1972 నాటి కర్ణాటక అపార్ట్‌మెంట్ ఓనర్‌షిప్ చట్టం. దానికి డీడ్ ఆఫ్ డిక్లరేషన్ (ఈ చట్టం కిందకి వస్తున్నామని రాసిచ్చే పత్రం), బైలాస్ (అసోసియేషన్ నడిపే నియమాలు) కావాలి. ఉమ్మడి ఆస్తిలో ఏ ఫ్లాట్‌కి ఎంత శాతమో ఆ డీడ్‌లో ఉంటుంది కాబట్టి మీ సేల్ డీడ్ పక్కన పెట్టుకుని సరిచూసుకోండి.

అసలు పని హ్యాండోవర్ రోజు, అంటే బిల్డర్ అపార్ట్‌మెంట్ మొత్తాన్ని అసోసియేషన్‌కి అప్పగించే రోజు. మేమైతే ఎస్టీపీ (మురుగునీరు శుద్ధిచేసే ప్లాంట్) దగ్గర మోటార్ తిరుగుతుంటే చూసి సంతకం పెట్టేశాం, నాలుగు రోజులయ్యాక తెలిసింది, అందులో గాలి ఊదే రెండు బ్లోయర్లలో ఒకదానికి కేబులే కలపలేదని! అందుకే ప్రతిదీ మీ ముందే నడిపించండి. మెయిన్ ఆఫ్ చేయించి జనరేటర్ మీద లిఫ్ట్ ఎక్కి చూడండి. బోరు సంగతి ఇంకా ముఖ్యం: సంపులోకి పొడుగాటి కర్ర దించి తడి ఎంతవరకుందో సుద్దముక్కతో గీత పెట్టండి, వాడకం ఆపించి గంటసేపు బోరు నడిపించి మళ్లీ దించండి. పెరిగిన ఎత్తుని సంపు పొడవు, వెడల్పుతో గుణిస్తే గంటకి ఎన్ని నీళ్లొస్తున్నాయో తేలిపోతుంది. వీలైతే ఏప్రిల్‌లో చేయండి, వర్షాకాలంలో ప్రతి బోరూ బంగారమే. 2024 ఎండాకాలంలో ట్యాంకర్ కోసం పడిన పాట్లు గుర్తున్నాయిగా!

కాగితాల్లో ఓసీ (నివాసానికి అనుమతిచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్), మంజూరైన ప్లాన్, ఫైర్ ఎన్‌ఓసీ (అగ్నిమాపక శాఖ అనుమతి పత్రం), పైపుల, కరెంటు లైన్ల డ్రాయింగులు, కార్పస్ ఫండ్ (పెద్ద ఖర్చుల కోసం ఓనర్ల దగ్గర వసూలు చేసి పెట్టిన నిధి) లెక్క తీసుకోండి. డ్రాయింగులు లేకపోతే రేపు లీకేజీ వచ్చినప్పుడు గోడంతా తవ్వాల్సిందే.

కనబడిన లోపాలన్నీ ఫొటోలతో మెయిల్ చేయండి, నోటిమాట వద్దు. పొసెషన్ ఇచ్చినప్పటి నుంచి 5 ఏళ్లలోపు బయటపడిన నిర్మాణ లోపాన్ని చెప్పిన 30 రోజుల్లో బిల్డర్ తన ఖర్చుతో బాగుచేయాలని రేరా అంటోంది.

ఇంకొకటి, మీటింగ్‌లో మనవాళ్లు పదిమంది కూడితే తెలుగు మొదలైపోతుంది, పక్కన కన్నడ, మలయాళం వాళ్లు ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటారు. మినిట్స్ (మీటింగ్‌లో ఏం తేల్చారో రాసేది) అందరికీ అర్థమయ్యే భాషలో రాసి, అక్కడికక్కడే సంతకాలు తీసుకోండి.