ఆటపాటలతో చికిత్స చేసేవారు వృత్తిలో ఎదగడం ఎలా?

నెల్లూరు, ఒంగోలు వంటి ఊళ్లలో రిక్రియేషనల్ థెరపిస్టు, అంటే ఆటపాటలతో చికిత్స చేసేవారి పని ఏమిటని అడిగితే, "కాలక్షేపం చేయిస్తారు" అనేవారే ఎక్కువ. ఆ మాటకు రికార్డును మించిన జవాబు లేదు. కాబట్టి సర్టిఫికెట్ల వేటకు ముందు నోటుపుస్తకం తెరవండి.

1. ఆటకు ముందు కొలవండి. పక్షవాతం వచ్చి వేళ్ల పట్టు తగ్గిన ఒక పెద్దాయనతో వామనగుంటలు ఆడిస్తున్నారనుకుందాం. బొటనవేలు, చూపుడువేలితో ఒక్కొక్క చింతగింజను తీసి, నిమిషంలో ఎన్నింటిని గుంటలో వేయగలుగుతున్నారో, ఎన్ని జారిపోయాయో రాసుకోండి. గింజలు మరీ చిన్నవనిపిస్తే గచ్చకాయలతో మొదలుపెట్టండి. రెండు వారాల తర్వాత అదే కుర్చీలో, అదే వేళకు మళ్లీ లెక్కపెట్టండి. "హుషారుగా ఆడారు" అని రాసి ఊరుకుంటే ఎవరికీ ఏమీ తెలియదు. అన్నట్టు, మతిమరుపు వ్యాధి ఉన్నవారు, చిన్నపిల్లలు గింజలు నోట్లో వేసుకుంటారు; పక్కనే ఉండాలి.

2. ఆ లెక్కలు ఫిజియోథెరపిస్టుకు, ఆక్యుపేషనల్ థెరపిస్టుకు (రోజువారీ పనులు మళ్లీ చేసుకునేలా తర్ఫీదు ఇచ్చేవారు) చూపించండి, ఆటను కూడా ఒకసారి చూడమనండి. భుజం ఎత్తకుండా నడుము వంచి గింజ అందుకుంటున్నారన్న సంగతి వాళ్ల కళ్లకే ముందు పడుతుంది. మొహమాటపడితే నేర్చుకోలేం.

3. శిక్షణ కోసం దూరం పోనక్కర్లేదు. దివ్యాంగుల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే సీఆర్‌సీ (కాంపోజిట్ రీజినల్ సెంటర్) నెల్లూరులోనే ఉంది. దాని మాతృసంస్థ సికింద్రాబాద్‌లోని ఎన్‌ఐఈపీఐడీ, అంటే మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ. వీటిలో జరగబోయే కార్యక్రమాల గురించి అడిగి తెలుసుకోండి. రుసుము కట్టే ముందు ఆ శిక్షణకు ఏ గుర్తింపు ఉందో, మీకు పనికొస్తుందో లేదో తేల్చుకోండి.

4. చట్టం తెలుసుకోండి. అనుబంధ ఆరోగ్య వృత్తుల కోసం 2021లో వచ్చిన జాతీయ చట్టం రిక్రియేషనల్ థెరపిస్టును కూడా పేర్కొంది. ఉద్యోగానికి దరఖాస్తు చేసేటప్పుడు ఈ సంగతి ప్రస్తావించడం మంచిది.

5. రిక్రియేషనల్ థెరపిస్టులకు ఇచ్చే అమెరికా సర్టిఫికెట్ సీటీఆర్‌ఎస్‌కు (సర్టిఫైడ్ థెరప్యూటిక్ రిక్రియేషన్ స్పెషలిస్ట్) పరీక్ష ఉంటుంది, నిర్దేశించిన చదువు, ఇంటర్న్‌షిప్ కావాలి, 5 ఏళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. అక్కడ పనిచేయాలనుకునేవారికి తప్ప, ఇక్కడివారికి అది మొదటి మెట్టు కాదు.

6. కావలి, ఒంగోలు, నెల్లూరుల్లో ఇదే పనిలో ఉన్నవారు నెలకోసారి కలిసి ఒక్క కేసు చర్చించండి. ఫలితం రాని కేసునే ముందు పెట్టండి. పేరు, ఊరు తీసేసి, ఫొటోలు లేకుండా.