డీసీ పవర్ సప్లైలను కలపడం – పాఠం 4: సమాంతర కలయికలో భారం పంచడం

గత పాఠంలో రెండు పవర్ సప్లైలను సిరీస్‌లో కలిపి వోల్టేజిని పెంచుకున్నాం. కరెంటును పెంచుకోవడానికి సమాంతరంగా కలపడం చూడటానికి అంతకంటే సులువు, చేయడానికి మాత్రం కాదు.

ఇంట్లో కారు ఆంప్లిఫయర్ నడపడానికి 12 వోల్టుల వద్ద 16 ఆంపియర్ల వరకు కావాలని, మన దగ్గర 10 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్‌లు (స్విచ్ మోడ్ పవర్ సప్లైలు) ఒకే రకానివి రెండు ఉన్నాయని అనుకుందాం. (లోడు ఎల్‌ఈడీ స్ట్రిప్పులైతే ఈ పాఠంతో పని లేదు, స్ట్రిప్పులను రెండు భాగాలు చేసి ఒక్కో సప్లైకి ఒక్కో భాగం ఇవ్వడమే మేలు.) ఒకటి 12.1, మరొకటి 12.0 వోల్టులు ఇస్తున్నాయనుకోండి. నేరుగా కలిపితే ఒక్కో దారిలో తీగలదీ బిగింపులదీ కలిపి 0.01 ఓం నిరోధం మాత్రమే ఉన్నప్పుడు, 0.1 వోల్టు తేడాను ఆ నిరోధంతో భాగిస్తే రెండు కరెంట్ల మధ్య 10 ఆంపియర్ల తేడా రావాలి. అంటే మొదటిదాని మీద 13, రెండోదాని మీద 3 ఆంపియర్లు పడాలి. మొదటిది అంత ఇవ్వలేదు కాబట్టి, దాని రక్షణ వలయం తీరును బట్టి, పరిమితి దగ్గరే ఆగి నిరంతరం వేడెక్కుతుంది, లేదా ఆగుతూ మొదలవుతూ కొట్టుకుంటుంది.

ఇప్పుడు ఒక్కో సప్లై ప్లస్‌కూ ఉమ్మడి బిందువుకూ మధ్య 0.05 ఓం పెట్టండి. అంత విలువ దుకాణంలో దొరక్కపోతే 0.1 ఓం, 5 వాట్ల సిమెంటు రెసిస్టర్లు రెండింటిని సమాంతరంగా కలిపితే చాలు. అప్పుడు కరెంట్ల తేడా సుమారు 2 ఆంపియర్లకు తగ్గి, 16 ఆంపియర్లు 9గా, 7గా చీలుతాయి. లోడును 20కి పెంచితే ఒకదాని మీద 11 పడుతుంది కనుకనే, మొత్తం సామర్థ్యంలో 80 శాతం దాటవద్దనడం. దీనికి మూల్యం ఉంది: లోడు దగ్గర దాదాపు 11.65 వోల్టులే మిగులుతాయి, 9 ఆంపియర్లు మోసే జత 4 వాట్లను వేడిగా వదులుతుంది. వాటిని ప్లాస్టిక్ పెట్టె గోడకు ఆనించవద్దు.

కలపడానికి ముందు రెండు సప్లైల నెగెటివ్‌లను మాత్రమే జోడించి, రెండు ప్లస్‌ల మధ్య మల్టీమీటరు పెట్టండి. మొదట 20 వోల్టుల రేంజిలో చూసి, తర్వాత తగ్గించండి. టెర్మినళ్ల పక్కన ఉండే చిన్న స్క్రూను తిప్పుతూ ఆ తేడాను సున్నాకు వీలైనంత దగ్గరగా తీసుకురండి. అదే వరుసలో 230 వోల్టుల టెర్మినళ్లు కూడా ఉంటాయి గనుక పిడి నుంచి మొనదాకా ఇన్సులేషన్ ఉన్న స్క్రూడ్రైవరే వాడాలి. వేడెక్కాక వోల్టేజి కొంత జరుగుతుంది కాబట్టి అరగంట నడిచాక మళ్లీ సరిచూడండి. రెండు దారుల్లోనూ తీగల పొడవు, మందం ఒకేలా ఉండాలి. సప్లైలు రెండింటికీ ఒకే మెయిన్స్ స్విచ్ పెట్టి, ఆంప్లిఫయర్‌ను వాటి తర్వాతే ఆన్ చేయాలి.

ఒక సప్లై ఔట్‌పుట్ లోపల షార్టయితే రెండోది దానిలోకే కరెంటు పోస్తుంది, ఈ రెసిస్టర్లు దాన్ని ఆపలేవు. ఫ్యూజు పెట్టినా, రెండే ఉన్నప్పుడు అది తెగేంత కరెంటు మిగిలిన సప్లై ఇవ్వలేకపోవచ్చు. ఆ పనికి తగినది కరెంటును ఒకే దిశలో పోనిచ్చే డయోడు. దాన్ని ఐదో పాఠంలో కలుపుతాం. ఈలోగా లోడు నడుస్తుండగా ఒక్కో రెసిస్టర్ల జత రెండు చివరల మధ్య వోల్టేజి కొలిచి, 0.05తో భాగించి, ఏ సప్లై ఎంత మోస్తోందో రాసిపెట్టుకోండి.