సియాటిల్ ప్రాంతపు ఇళ్లలో వాలు కొమ్మల నూట్కా సైప్రస్ పెంపకం

దక్షిణ అలాస్కా నుంచి ఉత్తర కాలిఫోర్నియా అంచు వరకు, పసిఫిక్ తీరం వెంబడి వానా మంచూ సమృద్ధిగా కురిసే కొండవాలుల్లో సహజంగా పెరిగే సతతహరిత వృక్షం నూట్కా సైప్రస్. కెనడాకు చెందిన వాంకూవర్ ద్వీపంలోని నూట్కా సౌండ్ అనే సముద్రపు పాయ పేరుతో 1824లో వృక్షశాస్త్రజ్ఞుడు డేవిడ్ డాన్ దీనిని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. అడవిలో వెయ్యేళ్లు దాటి బతికే ఈ చెట్టులో బాగా వాలిన కొమ్మలున్న మొక్కలను ఎంచి, అంటుకట్టి వృద్ధి చేసిన రకాలే నేడు రెడ్‌మండ్, బాథెల్, సమామిష్ వంటి సియాటిల్ శివారు ఊళ్లలో ఇళ్ల ముందు కనిపిస్తున్నాయి. కాండం నిటారుగా లేస్తుంది, కొమ్మలు ఒంపు తిరిగి కిందికి దిగుతాయి, వాటి నుంచి సన్నని రెమ్మలు తెరలా వేలాడతాయి. దూరం నుంచి చూస్తే మన కాలనీ గేట్ల పక్కన నాటే నరమామిడి గుర్తుకు వస్తుంది గానీ, దగ్గరికి వెళ్లి రెమ్మను పట్టుకుంటే పొడవాటి ఆకులకు బదులు ఒకదానిపై ఒకటి పేర్చినట్టున్న నీలపు ఛాయ గల చిన్న పొలుసులు తగులుతాయి. నలిపితే ఘాటైన, అంత ఇంపు కాని వాసన వస్తుంది.

నర్సరీలో దీనిని అలాస్కా సీడర్ లేదా అలాస్కా ఎల్లో సీడర్ అని అడగాలి. చీటీ మీద శాస్త్రీయనామం కామేసిపారిస్ అని ఉన్నా, క్సాంథోసైపారిస్ అని ఉన్నా, కాలిట్రాప్సిస్ అని ఉన్నా, పక్కన నూట్కాటెన్సిస్ అని ఉంటే అది ఈ చెట్టే. అంతకంటే ముఖ్యంగా చూడవలసినది ఆ తర్వాత రాసి ఉండే రకం పేరు. ‘పెండ్యులా’ రకం ఇంటి ఆవరణలో 20 నుంచి 30 అడుగుల ఎత్తు, 10 నుంచి 12 అడుగుల వెడల్పు వరకు విస్తరిస్తుంది. ఇంకా పైకి పోయినవీ ఉన్నాయి. ‘గ్రీన్ యారో’ ఎత్తులో దానికి తీసిపోదు గానీ, వెడల్పు సాధారణంగా 6 అడుగులకు మించదు. ‘స్ట్రిక్ట్ వీపింగ్’ కూడా సన్నగా, కాండానికి అంటుకుపోయినట్టు పెరుగుతుంది. కుండీలో ఉన్నప్పుడు మూడూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి, చవకగా దొరికిందని పెండ్యులాను తెచ్చి గ్యారేజీ దారి పక్కన నాటడం, పదేళ్లకు కొమ్మలు కారుకు రాసుకుంటున్నాయని నరికి దాని ఆకారాన్ని చెడగొట్టడం ఇక్కడ తరచుగా జరిగే పని. కొత్త కాలనీల్లో ఇంటికీ ఇంటికీ మధ్య ఉండే ఇరుకు జాగాకు గ్రీన్ యారో తప్ప మరొకటి ఆలోచించనక్కర లేదని నా అభిప్రాయం. పక్కింటివారి చూపు పడకుండా గోడలాంటి అడ్డు కావాలనుకునేవారికి మాత్రం ఈ చెట్టు పనికిరాదు. అందుకోసం చాలామంది నాటే లేలాండ్ సైప్రస్ నూట్కాకూ మాంటెరీ సైప్రస్‌కూ పుట్టిన సంకరమే అయినా, దాని పెరుగుదల వేగం వేరు, దానితో వచ్చే కత్తిరింపుల బాధ వేరు.

చలి గురించి దిగులు పడనక్కర లేదు. సున్నాకు దిగువన సుమారు 30 డిగ్రీల సెల్సియస్ వరకు ఇది తట్టుకుంటుంది. దీనికి గిట్టనివి వేడి, పొడినేల, నీరు నిలిచే నేల. 2021 జూన్ 28న సియాటిల్ విమానాశ్రయంలో ఉష్ణోగ్రత 42 డిగ్రీలకు చేరింది. ఆ వేడిగాలుల్లో ఈ ప్రాంతపు సూదిమొన ఆకుల చెట్లు, పొలుసాకుల చెట్లు ఎన్నో మధ్యాహ్నపు ఎండ తగిలే వైపు మాడిపోయాయి. అందువల్ల పడమటి గోడకూ తారు దారికీ ఆనుకొని నాటకుండా, ఉదయపు ఎండ తగిలి మధ్యాహ్నం కొంత నీడ పడే తూర్పు వైపు చోటు ఎంచుకోవడం మంచిది. హైదరాబాద్‌లోని ఇంటికి కూడా ఒకటి పట్టుకెళ్లాలన్న ఆలోచన ఎవరికైనా ఉంటే మానుకోవడమే మేలు. అక్కడి వేసవిని ఇది ఓర్చుకోలేదు.

చోటు కుదిరాక నేలను పరీక్షించాలి. ఇళ్లు కట్టేటప్పుడు పైమట్టిని తోడేసి, మిగిలిన నేలను యంత్రాలతో అణగదొక్కి, పైన పలచగా గడ్డి పరచిన స్థలాలే ఇక్కడ ఎక్కువ. అడుగు లోతు గుంత తీసి నీళ్లతో నింపి, అవి ఇంకిన తర్వాత మళ్లీ నింపి, రెండోసారి గంటకు ఒక అంగుళమైనా దిగుతున్నాయో లేదో చూడాలి. దిగకపోతే వేరే చోటు వెతకాలి, లేదా వెడల్పాటి మట్టి దిబ్బ పోసి దాని మీద నాటాలి. నీరు నిలిచిన నేలలో వేరుకుళ్లు పట్టిందంటే ఆ తర్వాత ఏ మందూ అక్కరకు రాదు.

నాటడానికి అక్టోబర్ అనువైన నెల. నేల ఇంకా వెచ్చగా ఉంటుంది, వానలు మొదలవుతాయి, వచ్చే వేసవిలోగా వేర్లకు నిలదొక్కుకునే వ్యవధి దొరుకుతుంది. తవ్వడానికి కొన్ని పనిదినాల ముందే 811కు ఫోన్ చేస్తే, భూగర్భంలోని గ్యాస్, విద్యుత్ లైన్ల జాడను ఉచితంగా గుర్తుపెట్టి వెళతారు. గొయ్యి వేరుముద్దకు రెండు మూడు రెట్లు వెడల్పుగా ఉండాలి, లోతు మాత్రం వేరుముద్ద ఎత్తుకు మించకూడదు. కుండీలోంచి తీయగానే పైమట్టిని వేళ్లతో గీరి, కాండం వెడల్పై వేర్లుగా చీలే చోటును కనుక్కోవాలి. నర్సరీ మొక్కల్లో అది తరచూ రెండు మూడు అంగుళాల మట్టి కింద పూడిపోయి ఉంటుంది. ఆ చోటు నేలమట్టానికి పైన కనిపించేలా మొక్కను నిలపాలి. కుండీ ఆకారంలో చుట్టలు తిరిగిన వేర్లను మొహమాటపడకుండా కోసి విడదీయాలి, ఎందుకంటే అవి అలాగే లావెక్కితే కొన్నేళ్లకు కాండాన్నే బిగిస్తాయి. గోనెగుడ్డ చుట్టి వచ్చిన మొక్క అయితే, గొయ్యిలో నిలిపిన తర్వాత తాళ్లు, తీగ బుట్ట, గుడ్డ వీలైనంత వరకు తీసివేయాలి. తవ్విన మట్టితోనే గొయ్యి పూడ్చాలి. కంపోస్టు కలిపితే వేర్లు ఆ మెత్తని మట్టిని వదిలి బయటికి పోవడానికి ఇష్టపడవు. మొదటి ఏడాది ఎరువు అవసరం లేదు. చివరి కొస పక్కకు ఒరుగుతుంటే ఒక వెదురు కర్రను ఊతంగా పెట్టి వదులుగా కట్టి, ఏడాదికి విప్పేయాలి.

ఇక మిగిలినదంతా నీటి సంగతే. ఈ చెట్టు వేర్లు నేల పైపొరల్లోనే పాకుతాయి. ఆగ్నేయ అలాస్కాలో శీతకాలపు మంచు దుప్పటి పలచబడినందువల్ల ఆ పైవేర్లు గడ్డకట్టి, అడవుల్లో ఈ చెట్లు పెద్ద ఎత్తున చనిపోయాయని శాస్త్రజ్ఞులు తేల్చారు. మన పెరట్లో వాటికి గండం చలికాలంలో కాదు, వానచుక్క లేని జూలై, ఆగస్టు నెలల్లో వస్తుంది. సియాటిల్ అంటేనే వాన అనుకొని తోటగొట్టం ముట్టుకోనివారి మొక్కలే మొదటి రెండు వేసవుల్లో ఎండిపోతాయి. జూన్ నుంచి సెప్టెంబర్ చివరి వరకు వారానికి రెండుసార్లు, వడగాలులు వీస్తే మూడుసార్లు, వేరుముద్ద పూర్తిగా తడిసేలా నిదానంగా పెట్టాలి. ఐదు గ్యాలన్ల కుండీ నుంచి వచ్చిన మొక్కకు ఒక్కోసారి 15 నుంచి 20 లీటర్లు పడతాయి. గడ్డికి తిరిగే స్ప్రింక్లర్ పైపైన చిలకరించే నీరు లెక్కలోకి రాదు. మొదలు చుట్టూ మూడడుగుల మేర గడ్డి తీసి, రెండు మూడు అంగుళాల మందాన చెక్కపొట్టు పరిచి, కాండానికి మాత్రం బెత్తెడు దూరం వదలాలి. మూడో వేసవి దాటాక నెలకు రెండు తడులు ఇస్తే చాలు, కానీ పూర్తిగా మానేయకూడదు.

శరత్కాలంలో కాండానికి దగ్గరగా, లోపలి వైపు పాత రెమ్మలు గోధుమరంగుకు మారి రాలితే అది సహజమే. కొసల నుంచి లోపలికి ఎండుతూ వస్తే నీరు చాలలేదని అర్థం. వేసవిలో ఆకులు దుమ్ము పట్టినట్టు వెలిసిపోతే, ఒక తెల్లకాగితం పట్టి రెమ్మను దులిపి చూడాలి. చుక్కలు కదులుతుంటే అవి ఆకుల రసం పీల్చే నల్లులు (స్పైడర్ మైట్స్), పైపుతో గట్టిగా నీళ్లు కొట్టి కడిగితే చాలావరకు పోతాయి. కత్తిరింపు విషయంలో ఈ చెట్టు క్షమించదు: ఆకులేని ముదురు కొమ్మ నుంచి కొత్త చిగురు రాదు, కాబట్టి ఎండిన కొమ్మలను మొదలు దగ్గర తీసివేయడం, పోటీగా లేచిన రెండో తలను చిన్నగా ఉన్నప్పుడే తుంచడం తప్ప మరే కోతా పెట్టకూడదు. నేలను తాకుతున్న కింది కొమ్మలను కూడా, నడిచే దారికి అడ్డు రానంతవరకు, అలాగే ఉంచాలి. వాటి నీడలో నేల చల్లగా ఉంటుంది.